"సౌకర్యాలు లేవండి" అనే ముందు: ప్రత్యేక అవసరాల పిల్లల చట్టాన్ని ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుని చదవడం ఎలా

జూన్ రెండో వారం, అడ్మిషన్ల హడావుడి. ఒకావిడ ఏడేళ్ల బాబుని వెంటబెట్టుకుని నా గదిలోకొచ్చి కూర్చుంది. వాడు నా టేబుల్ మీది పేపర్‌వెయిట్ తీసుకుని గిరగిరా తిప్పుతున్నాడు, ఆగగానే మళ్లీ తిప్పుతున్నాడు, పేరేంటి నాన్నా అంటే తలెత్తలేదు. నేనప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్‌ని. చాలా మర్యాదగా, టీ తెప్పించి మరీ చెప్పాను: "మేడం, ఇలాంటి పిల్లలకి కావాల్సిన సౌకర్యాలు మా దగ్గర లేవండి, స్పెషల్ స్కూల్లో అయితే బాబుని బాగా చూసుకుంటారు." ఆవిడ వాదించలేదు. బ్యాగు సర్దుకుని లేస్తూ, "సరే సార్, ఇదే ముక్క మీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చేయండి" అంది.

రాయడానికి చెయ్యాడలేదు. ఎందుకో ఆ రాత్రి చట్టం తెరిచి చూశాక గానీ అర్థం కాలేదు. మర్నాడు ఆవిడకి ఫోన్ చేస్తే అప్పటికే వేరే చోట ఫీజు కట్టేశానంది. తర్వాత చాలామంది హెచ్ఎంలతో, కరస్పాండెంట్లతో మాట్లాడాను, దాదాపు అందరిదీ ఇదే కథ. చట్టమంటే నోటీసు వచ్చినప్పుడు లాయరు చదివి చెప్పే సంగతి అనుకుంటాం. నిజానికి అందులో మనకి పనికొచ్చేది పది పన్నెండు సెక్షన్లే, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. ఏది ఎప్పుడు అవసరమవుతుందో ఆ వరసలో చెప్తాను.

ముందు రెండు చట్టాలు ప్రింట్ తీసి పెట్టుకోండి

ఒకటి వికలాంగుల హక్కుల చట్టం, 2016. అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. అంతకుముందు 1995 చట్టం ఉండేది, అందులో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. మనలో చాలామంది బుర్రలో ఇంకా ఆ ఏడే ఉన్నాయి, వీల్‌చైరూ నల్లకళ్లద్దాలూ కనపడితేనే లెక్క. కొత్త జాబితాలో ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు, రక్త వ్యాధులైన తలసీమియా, హీమోఫిలియా, సికిల్‌సెల్ కూడా ఉన్నాయి. పాడేరు వైపో, ఆదిలాబాద్ ఏజెన్సీలోనో ఆశ్రమ పాఠశాల నడుపుతున్న హెచ్ఎం ఈ చివరి పేరు కింద గీత గీసుకోవాలి. నెలలో నాలుగు రోజులు ఒళ్లు నొప్పులని పడుకునే పిల్లని బద్ధకస్తురాలని తిట్టే ముందు ఆ గీత గుర్తు రావాలి.

రెండోది విద్యాహక్కు చట్టం, 2009. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. 2012లో దాన్ని సవరించి వైకల్యం ఉన్న పిల్లల్ని "అననుకూల వర్గం" కింద చేర్చారు, అంటే ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్ల సెక్షన్ వీళ్లకీ వర్తిస్తుంది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువు ఎంచుకునే హక్కు కూడా అప్పుడే వచ్చింది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఎంచుకునేది పిల్లవాడి తరఫున తల్లిదండ్రులు, మనం కాదు. "ఇంటి దగ్గరే చదివించుకోండి, హాజరు వేసేస్తాం" అని స్కూలే సలహా ఇస్తే అది సాయం కిందికి రాదు, తప్పించుకోవడం కిందికి వస్తుంది.

అడ్మిషన్ టేబుల్ దగ్గర

2016 చట్టంలో సెక్షన్ 16 ఒక్కటి చదివితే సగం పని అయిపోయినట్టే. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆటపాటల్లో కూడా సమానంగా కలుపుకోవాలి, బిల్డింగూ బాత్రూములూ అందుబాటులో ఉండాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చెయ్యాలి, అభ్యసన లోపాల్ని వీలైనంత త్వరగా గుర్తించాలి, ప్రతి పిల్లవాడి ప్రగతినీ గమనిస్తూ ఉండాలి, రవాణా సౌకర్యం ఇవ్వాలి.

మా కరస్పాండెంట్ మిత్రుడొకాయన ఈ సెక్షన్ చూసి సంబరపడ్డాడు. "ఇందులో చెప్పింది ప్రభుత్వానికి కదండీ, మనకి కాదుగా" అన్నాడు. పాయింటే. సెక్షన్ మొదలయ్యేది ప్రభుత్వాన్ని ఉద్దేశించే, కానీ తాను నిధులిచ్చే లేదా గుర్తింపు ఇచ్చే సంస్థలన్నీ ఇలా నడిచేలా చూడమని ప్రభుత్వానికి చెప్తోంది. మన గుర్తింపు రెన్యువల్ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంటుందో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. పైగా సెక్షన్ 3 వివక్షే కూడదంటుంది, సెక్షన్ 2లో వివక్షకిచ్చిన నిర్వచనంలో సర్దుబాటు చెయ్యననడం కూడా చేరి ఉంది. అంటే తోసెయ్యక్కర్లేదు, తిట్టక్కర్లేదు, ఊరికే "కుదరదండి" అన్నా వివక్షే అవ్వచ్చు.

"మీ బాబుకి స్పెషల్ స్కూలే కరెక్ట్" అన్న నా మాట సంగతికొస్తే, సెక్షన్ 31 చూడండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకి దగ్గరి బడిలో గానీ స్పెషల్ స్కూల్లో గానీ, తమకి నచ్చిన చోట, ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎంపిక వాళ్లది. నేను ఆ రోజు వాళ్ల తరఫున ఎంపిక చేసేశాను, అదీ పేపర్‌వెయిట్ తిప్పడం చూసి.

ఇంకోటి, ఒకటో తరగతి అడ్మిషన్‌కి పిల్లవాడికి చిన్న టెస్టో ఇంటర్వ్యూనో పెట్టి వడగట్టడం. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 దీన్ని అసలే ఒప్పుకోదు, మొదటిసారి 25 వేల వరకు, తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. పేరు "ఇంటరాక్షన్" అని మార్చినంత మాత్రాన పని మారదు.

మరి ఆ టేబుల్ దగ్గర ఏం అనాలి? నేనిప్పుడు అందరికీ చెప్పేది ఇదీ: "అడ్మిషన్ ఇస్తున్నాం అమ్మా. బాబుకి ఏం ఇష్టం, దేనికి భయపడతాడు, ఏది జరిగితే ఇబ్బంది పడతాడు, అరగంట కూర్చుని చెప్పండి, రాసుకుంటాం." అడ్మిషన్ ముందు, అరగంట తర్వాత. ఈ వరస తిరగబడితే ఆ అరగంటే వడపోత అయిపోతుంది. సొంత ఖర్చుతో షాడో టీచర్ని (క్లాసులో పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసే మనిషిని) పెట్టుకుంటేనే సీటు అని షరతు పెట్టడం ఈమధ్య సిటీ స్కూళ్లలో మామూలైంది, అదీ ఇదే గుంటలో పడుతుంది. పిల్లవాడికి పక్కన మనిషి అవసరమే కావచ్చు, ఎవరు ఏం ఏర్పాటు చెయ్యాలో మాట్లాడుకోవచ్చు, కానీ దాన్ని సీటుకి ముడిపెట్టకండి.

సర్టిఫికెట్ లేదు కదా అంటే

సదరం వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తెస్తేనే మాట్లాడదాం అనే ఆఫీసు గుమస్తా ప్రతి స్కూల్లోనూ ఉంటాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ తేడా వివరించండి. 40 శాతం దాటిన సర్టిఫికెట్ కొన్నిటికి తప్పనిసరి: పైన చెప్పిన 18 ఏళ్ల దాకా ఉచిత చదువు, ఉచితంగా పుస్తకాలూ పరికరాలూ, పై చదువుల్లో రిజర్వేషన్, ఇలాంటివి. అడ్మిషన్‌కీ, మర్యాదకీ, క్లాసులో చెయ్యాల్సిన సర్దుబాట్లకీ ఆ 40 అంకెతో పనిలేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే సమస్య ఉన్న అభ్యర్థికి, 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ని (బదులుగా రాసిపెట్టే మనిషిని) నిరాకరించడం కుదరదంది. ఆ తర్వాత 2022లో కేంద్రం 40 శాతం లోపు వాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

కాబట్టి సదరం స్లాటు దొరికి, క్యాంపుకి వెళ్లి, డాక్టర్ల బోర్డు చూసి, కార్డు చేతికొచ్చేదాకా పిల్లవాడు వెనక బెంచీలో ఎదురుచూడక్కర్లేదు.

స్క్రీనింగ్ కమిటీ, దానికి హెడ్డు మీరే

చాలామంది ప్రిన్సిపాళ్లకి అస్సలు తెలియని భాగం ఇది. అభ్యసన లోపాల మీద కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా, ప్రిన్సిపాల్ అధ్యక్షతన ఒక స్క్రీనింగ్ కమిటీ ఉండాలని ఉంది. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లు ప్రశ్నావళి పెట్టి చూడాలి, తేడా కనిపిస్తే కమిటీకి చెప్పాలి. మీ స్కూల్లో ఆ కమిటీ ఉందా? మినిట్స్ పుస్తకం ఉందా?

దేన్ని తేడా అంటారో టీచర్లకి మాటల్లో చెప్తే ఎక్కదు, పేపర్ చూపించాలి. నా దగ్గర ఒక ఏడో తరగతి అబ్బాయి తెలుగు పేపర్ జిరాక్స్ ఉంది, పేరు కొట్టేసి దాచుకున్నాను. వ రాయాల్సిన చోట ప, ప రాయాల్సిన చోట ష. దీర్ఘాలు దాదాపు లేవు. వత్తులున్నాయి గానీ పక్క అక్షరం కింద ఉన్నాయి. "అమ్మ" అన్న మాట ఒకే పేజీలో మూడు రకాలుగా ఉంది. టీచరు ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి "నిర్లక్ష్యం" అని రాసింది. అదే అబ్బాయిని పిలిచి పాఠంలో కథ చెప్పరా అంటే, పద్యంతో సహా, మధ్యలో నవ్వొచ్చే చోట ఆగి మరీ చెప్పాడు. నోటికీ కాగితానికీ మధ్య ఇంత దూరం ఉందంటే అది నిర్లక్ష్యం అయ్యే అవకాశం చాలా తక్కువ.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే చెక్‌లిస్ట్ తెచ్చింది, యాప్ కూడా ఉంది. మొదటి భాగం మామూలు క్లాస్ టీచర్లు నింపొచ్చు, రెండోది స్పెషల్ ఎడ్యుకేటర్లకి. ఒక్క హెచ్చరిక, టీచరు నింపిన చెక్‌లిస్ట్ రోగనిర్ధారణ కాదు. దాన్ని పట్టుకుని తల్లితో "మీవాడికి డిస్లెక్సియా అమ్మా" అనేస్తే ఆవిడ ఇంటికెళ్లి ఏడుస్తుంది, నాన్నమ్మ మనల్ని తిడుతుంది. "చదవడంలో ఇబ్బంది కనిపిస్తోంది, ఒకసారి నిపుణుల చేత చూపిద్దాం" అనండి, చాలు.

క్లాసు గదిలో సర్దుబాటు అంటే ఏంటి

చట్టంలో మాట "తగిన సర్దుబాటు". మోయలేనంత భారం పడకుండా చేయగలిగిన మార్పులు అని అర్థం. ఆ "మోయలేనంత" అనే మాట మనకి రక్షణే, కానీ దాన్ని వాడుకోవాలంటే నిజంగా లెక్క చూపించాలి. మూడో అంతస్తులో ఉన్న క్లాసుని కింది గదికి మార్చడం భారమని ఎవరి ముందు నిలబడి చెప్తారు? నేను చూసినంతలో సగానికి పైగా సర్దుబాట్లకి పైసా ఖర్చు లేదు.

ఒక బడిలో ఆటిజం ఉన్న చిన్నోడు ప్రతి పీరియడ్ చివర కేకలు పెట్టి టేబుల్ కింద దూరేవాడు. క్రమశిక్షణ అని మూడు నెలలు ప్రయోగాలు చేశారు. చివరికి ఆయమ్మ కనిపెట్టింది, వాడి సీటు పైనే ఎలక్ట్రిక్ బెల్లు ఉందని, మోగడానికి ముందే వాడు చెవులు మూసుకోవడం మొదలెడుతున్నాడని. సీటు మార్చారు, ఆ వరండా బెల్లుకి గుడ్డ చుట్టారు. అంతే.

ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ పెట్టండి. ఇబ్బంది ఏంటి, ఏం మార్పు చేస్తున్నాం, ఎవరి బాధ్యత, ఏ తారీకు నుంచి, మళ్లీ ఎప్పుడు చూస్తాం. కింద తల్లిదండ్రుల సంతకం, క్లాస్ టీచర్ సంతకం, మీ సంతకం. ఆ పేజీ పీఈటీకి, బస్సు డ్రైవర్‌కి కూడా చేరాలి, ఎందుకంటే గొడవలు తరచుగా జరిగేది క్లాసు బయటే. ర్యాంపు కట్టించేటప్పుడు మేస్త్రీకి "కొంచెం వాలుగా" అని చెప్పి ఊరుకోకండి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు, దానికంటే నిటారుగా కడితే వీల్‌చైర్ ఎక్కదు, స్కూటర్ మాత్రమే ఎక్కుతుంది.

అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు, ముఖ్యంగా హైదరాబాద్‌లో, ఐఈపీ (ఆ ఒక్క పిల్లవాడి కోసం రాసిన చదువు ప్రణాళిక) అని లావుపాటి ఫైలు పట్టుకొస్తాయి. ఐడియా అనే అక్కడి ప్రత్యేక విద్య చట్టం ప్రకారం ఆ కాగితాన్ని స్కూలు పాటించి తీరాలి. ఇక్కడ దానికి అదే బలం లేదు, అయినా దాన్ని పక్కన పడెయ్యకండి. నిపుణులు ఏళ్ల తరబడి చూసి రాసిన వివరం ఊరికే చేతికొచ్చింది, మీ ఒక్క పేజీకి అంతకంటే మంచి ముడిసరుకు దొరకదు.

స్పెషల్ ఎడ్యుకేటర్ విషయం

1992 నాటి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లనే పెట్టుకోవాలి. ఓపిక ఎక్కువని ఎల్‌కేజీ టీచర్‌కి ఆ బోర్డు తగిలించడం కుదరదు. సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది, 2025 మార్చిలో పోస్టులు నోటిఫై చెయ్యమని రాష్ట్రాలని మళ్లీ అడిగింది. ప్రభుత్వ బడి అయితే మండలంలో ఈ పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఉంటారు. బడుల వివరాలు ఎక్కించే యూడైస్‌లో పిల్లవాడి వివరం సరిగ్గా నింపకపోతే సమగ్ర శిక్ష నుంచి రావాల్సిన ఎస్కార్ట్ అలవెన్సో, పరికరమో రాదు. ఈ కాలమ్‌ని కంప్యూటర్ ఆపరేటర్‌కి వదిలెయ్యకుండా మీరే చూడండి.

పరీక్షలు

మార్చిలో పరుగెత్తే స్కూళ్లని ఏటా చూస్తుంటాను. అదనపు సమయం గంటకి కనీసం 20 నిమిషాలు అని కేంద్ర మార్గదర్శకాలు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. స్క్రైబ్, రెండో మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి 2016 చట్టంలోనే సెక్షన్ 17లో ఉన్నాయి. ఏ బోర్డు ఏ కాగితం అడుగుతుందో వాళ్ల సర్క్యులర్లో ఉంటుంది, ఎస్‌ఎస్‌సీకి ఒకలా, సీబీఎస్‌ఈకి ఒకలా. నా సలహా ఒక్కటే, ఎనిమిదో తరగతిలోనే దరఖాస్తులు మొదలెట్టండి, స్కూలు పరీక్షల్లో కూడా అదే సమయం, అదే స్క్రైబ్ పద్ధతి ఇవ్వండి. ఎప్పుడూ ఇంకొకరితో రాయించి ఎరగని పిల్ల పబ్లిక్ పరీక్షలో స్క్రైబ్ పక్కన కూర్చుంటే బిత్తరపోతుంది. ఎక్కడ ఆపమనాలి, ఎక్కడ పేరా మార్చమనాలి, అదంతా ప్రాక్టీసుతో వచ్చేదే.

పరీక్ష సెంటర్ మీ స్కూల్లో పడితే ఇన్విజిలేటర్లకి ముందే చెప్పండి. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్న అమ్మాయికి రావాల్సిన గంట ఇవ్వకుండా పేపర్ లాక్కున్నారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు పరీక్ష నిర్వహించిన ఏజెన్సీని తప్పుబట్టింది. మొదలైంది మాత్రం ఒక గదిలో, రూలు తెలియని మనిషి దగ్గర.

గొడవలు, టీసీ, వాట్సాప్ గ్రూపు

"వాడు మా అమ్మాయిని కొరికాడు, తీసేస్తారా లేదా" అని పేరెంట్స్ గ్రూపులో ఒకరు మొదలెడితే సాయంత్రానికి నలభై మెసేజ్‌లు. టెన్షన్ పడి టీసీ రాసేయకండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెప్తుంది. "వాళ్లే అడిగి తీసుకున్నారు" అని రాయించుకునే టీసీ మరీ ప్రమాదం, ఒత్తిడి చేసిన మెసేజ్‌లు వాళ్ల ఫోన్లో ఉంటాయి. కొరికిన పిల్లని చూసుకోండి, వాళ్ల అమ్మానాన్నలకి స్వయంగా ఫోన్ చెయ్యండి, ఈ పిల్లవాడి పేజీ తీసి కొరకడానికి ముందు ఏం జరిగిందో రాయండి. గ్రూపులో పిల్లవాడి పేరు గానీ సమస్య పేరు గానీ ఎవరూ ఎత్తకూడదని అడ్మిన్‌గా మీరే చెప్పండి.

కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద ఎలాగూ నిషేధం. దానికి తోడు 2016 చట్టంలో సెక్షన్ 92 ఉంది, నలుగురి ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. నత్తిగా మాట్లాడే పిల్లవాణ్ని అసెంబ్లీలో అనుకరించి నవ్వించే సార్లు ఇంకా ఉన్నారు. స్టాఫ్ మీటింగులో ఈ సెక్షన్ పైకి చదవండి, పేర్లు చెప్పక్కర్లేదు, ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది.

ఫిర్యాదు వస్తే

తల్లిదండ్రులు రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ కమిషనర్‌కి సమన్లు పంపడం, కాగితాలు తెప్పించుకోవడం లాంటి వాటిలో సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి. ఆయన సిఫార్సు అందుకున్న అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. 2016 చట్టాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి 10 వేల వరకు, మళ్లీ చేస్తే 50 వేలకి తగ్గకుండా 5 లక్షల దాకా జరిమానా. అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువే. వెళ్లేవాళ్లు కూడా మొదట మన గదికే వస్తారు, మనం ఖాళీ లేదంటాం, రెండోసారి వస్తారు, మూడోసారి కాగితం పెడతారు.

విచారణలో అడిగేది పెద్దగా ఏముండదు. అడ్మిషన్ రిజిస్టరు, స్క్రీనింగ్ కమిటీ మినిట్స్, పిల్లవాడి పేరున ఉన్న ఆ ఒక్క పేజీ. అవి ఎప్పటికప్పుడు రాసినవై ఉండాలి. నోటీసు వచ్చాక రాత్రికి రాత్రి కూర్చుని రాసినవి ఇట్టే దొరికిపోతాయి. జూలై రివ్యూ, అక్టోబర్ రివ్యూ, జనవరి రివ్యూ అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉంటాయి.